పార్లరక్క మగతనం

ఆ వీధి మగాళ్ళందరినీ త్రాసులో ఒకవైపు కూర్చోబెడితే, రెండోవైపు బ్యూటీపార్లర్ నడిపే పార్లరక్క ఒక్కతే సరితూగుతుంది. ఇది ఎవరో గిట్టనివాళ్ళు అన్నమాట కాదు, రక్తపరీక్ష కాగితమే చెప్పింది.

పెళ్ళయి మూడేళ్ళయినా కడుపు పండకపోయేసరికి డాక్టరమ్మ హార్మోన్ల పరీక్ష రాసింది. రిపోర్టులో టెస్టోస్టెరాన్ దగ్గర పార్లరక్క చూపు ఆగిపోయింది. అది మగ హార్మోనని పేరే గానీ, ఆడవాళ్ళలోనూ చిటికెడు ఉంటుంది. అరవైలోపు ఉండాలని పక్కనే అచ్చేసి ఉంది. ఆమెకు నాలుగు వందల ఇరవై, మగాడికుండేంత. పార్లర్ కుర్చీలో కనుబొమలు దిద్దించుకుంటున్నావిడ ఒక్కటి దిద్దించుకునే ఇంటికి పోవాల్సి వచ్చింది.

షట్టర్లు బాగుచేసే మొగుడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "అయితే రేపట్నించి షట్టరు నువ్వే ఎత్తు," అన్నాడు. ఆమె ముఖం చూశాక తన నవ్వు తనే మింగేశాడు.

"ఇంత ఉందంటే అండాశయంలో గడ్డేమన్నా ఉందేమో చూడాలమ్మా. ఉంటే తీసెయ్యాల్సి రావచ్చు," అంది డాక్టరమ్మ. తీసేస్తే మరి బిడ్డో? అడక్కుండానే లేచింది.

పార్లర్‌కి తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది. ఎదురుగా అద్దం. పన్నెండేళ్ళుగా ఆడవాళ్ళ మీసాలు దారంతో పీకిన చెయ్యి, దోమకు మీసమున్నా పట్టేస్తుంది. దీపం దగ్గరికి లాక్కుని పైపెదవి, గడ్డం, చెంపలు వెతికింది. ఒక్క వెంట్రుక లేదు.

మర్నాడు డాక్టరమ్మ ముందు అదే మాట పెట్టింది. "ఇంతుంటే నాకు గడ్డం రావాలిగా మేడమ్? వస్తే నాకు తెలీదా? అంకెలో ఏదో తేడా ఉంది."

"మందులేమైనా వాడుతున్నావా?"

"మందులేం లేవు. జుట్టుకని బయోటిన్ బిళ్ళలు, రోజుకి రెండు. నేను అమ్మేవే. నేను మింగకపోతే కస్టమర్లు కొనొద్దూ?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. ఒంట్లో ఆ విటమిను ఎక్కువైతే కొన్ని ల్యాబుల్లో పరీక్ష తప్పుతుందట. కొన్ని హార్మోన్లు కొండంతగా, కొన్ని గోరంతగా కనిపిస్తాయట. "వారం మానేసి మళ్ళీ రక్తమివ్వు," అంది.

ఈసారి ముప్ఫై ఒకటి. ఇక గడ్డ కోసం వెతకక్కర్లేదంది డాక్టరమ్మ. ఆ సాయంత్రం అరలోని ప్రతి సీసా మీదా చీటీ అంటించింది: 'రక్తపరీక్షకు ముందు ఇవి వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పండి.'

వీధికి మాత్రం ఆ నాలుగు వందల ఇరవయ్యే ముద్దు. కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరన్నా కదిలిస్తే పార్లరక్క దారం పళ్ళ మధ్య పట్టుకునే చెబుతుంది:

"మగతనమూ లేదు, పాడూ లేదు. జుట్టు బిళ్ళలు మింగాను. గడ్డ లేదు. బిడ్డ ఇంకా రాలేదు. తల వంచకు, పైకెత్తు."