మరియమ్మ నీడతోట

మొన్న వనపర్తిలో ఒక నర్సరీకి వెళ్లాను. పచ్చటి వల కింద అడుగు పెట్టగానే నానిన ఎండుటాకుల వాసన ముక్కుకు తగిలింది. అక్కడే నిలబడిపోయాను. అది మరియమ్మ చేతుల వాసన.

ఇరవై మూడేళ్ల వయసులో బిజినేపల్లి దగ్గర ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరాను. మరియమ్మ అక్కడ ఆయా. యాభై దాటిన మనిషి. అంతకుముందు భర్తతో వలసపోయి, ఊటీ వైపు కొండల్లో ఒక పూలతోటలో ఏళ్ల తరబడి కూలి చేసింది. తిరిగి వచ్చేటప్పుడు చల్లటి నేలల్లో నీడన పెరిగే టోడ్ లిల్లీ అనే పూలమొక్క వేర్లు కొన్ని తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. తెల్లటి రేకుల మీద ఊదారంగు మచ్చలుంటాయి కాబట్టి ఆమె వాటిని కప్పపూలు అనేది. పాలమూరు ఎండకు అవి నెల కూడా బతకవని ఆ తోట యజమాని నవ్వాడట. "మేం బతుకుతలేమా ఆడ, అని అడిగిన," అని నాతో చెప్పింది.

బడి ఉత్తరపు గోడకూ చింతచెట్టుకూ మధ్య ఎండ పడని జాగా ఉండేది. అక్కడి చెత్త ఎత్తిపోసి, పిల్లలు చేతులు కడిగిన నీళ్లు పారేలా చిన్న కాలువ తీసి, నానిన ఎండుటాకులు మట్టిలో కలిపి, ఆ వేర్లు నాటింది. పక్కనే ఫెర్నులు, రంగు ఆకుల చామలు, పసుపు పెట్టింది. ఒక్క మొక్కే ఉంటే దాని అడుగు మన్ను కాలిపోతుందని, నాలుగు రకాల ఆకులు కమ్ముకుంటే అన్నిటికీ చల్లగా ఉంటుందని చెప్పేది. వేసవిలో గోడకు తడి గోనెపట్టాలు కట్టేది. రెండేళ్లు ఆకులే వచ్చాయి. నేను చేరిన ఏడాది, వానలు తగ్గాక, ఏడు పూలు పూశాయి. పాఠం ఆపి పిల్లలందరినీ తీసుకెళ్లి చూపించాను.

మరుసటి ఏడాది యాజమాన్యం ఆ జాగాలో బస్సులకు షెడ్డు వేయాలనుకుంది. తోటలో పాములు తిరుగుతున్నాయని, పిల్లలకు ప్రమాదమని ఒక కాగితం రాసి టీచర్లందరి సంతకాలు తీసుకున్నారు. ఉద్యోగం పోతుందన్న భయంతో నేనూ పెట్టాను.

మర్నాడు మరియమ్మ నా క్లాసు గుమ్మంలో నిలబడింది.

"పామును చూసినవా టీచరమ్మా?"

చూడలేదన్నాను.

"చూడకుంట ఎట్ల రాసిచ్చినవ్? పిల్లలకు గిదేనా నువ్వు చెప్పేది?"

గొంతులో కోపం లేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పీరియడ్ అయ్యాక నేరుగా బడి యజమాని గదికి వెళ్లి ఆ కాగితం అడిగాను. సంతకం తీసేస్తే రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు. అతని ముందే నా సంతకం మీద అడ్డగీత గీశాను.

షెడ్డు ఆగలేదు. మరియమ్మనూ మానేయమన్నారు. పిల్లలు ఇళ్లకు పోయాక వెనక గేటు నుంచి వెళ్లమన్నారు.

"నేనేమన్న దొంగతనం చేసిననా? పిల్లలు చూస్తుండంగనే పోత," అంది.

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే మొక్కలన్నీ వేర్లతో సహా తవ్వి రెండు తట్టల్లో సర్దింది. మొక్కలు బడివని యజమాని అడ్డం వచ్చాడు. జాగా మీది, ఉంచుకోండి, వేర్లు నేను తెచ్చుకున్నవి అని చెప్పి తట్ట నెత్తికెత్తుకుంది. రెండోది నేను ఎత్తుకున్నాను. ఇద్దరం పెద్ద గేటులోంచే నడిచాం. అన్నం తింటున్న పిల్లలు, ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడ్డారు.

ఆ వేసవిలో సగం మొక్కలు ఎండిపోయాయి. మిగిలినవి ఆమె ఇంటి వెనక, కార్తీకంలో, మళ్లీ పూశాయి.

మరియమ్మ ఇప్పుడు లేదు. నేను సర్కారు బడిలో పనిచేస్తున్నాను. ఎవరైనా కాగితం ముందు పెట్టి, అందరూ చేశారు, మీరూ చేయండి అంటే, ముందు పూర్తిగా చదువుతాను. దానివల్ల మాటలు పడ్డాను. ఒకసారి ఎక్కడో దూరాన, ఉప్పునుంతల అవతలికి బదిలీ కూడా చేశారు. తెల్లవారుజామున మొదటి బస్సెక్కి వెళ్లి అక్కడా పాఠం చెప్పాను. చూడనిదాన్ని చూశానని మాత్రం రాయలేదు. రాయను.