మునుం పాట

సంగీతం గురించి మాట్లాడమంటే మా ఊళ్ళో ఎవరూ వెనకాడరు, నేనైతే అసలే వెనకాడను. రాగాల పేర్లు చెప్పమంటే నీళ్ళు నములుతాను, స్వరాలు రాయమంటే దండం పెడతాను. అయినా ఒక పాట మంచిదో కాదో తేల్చడానికి నా కొలత నాకుంది. అది నాకు ఏ సభలోనూ దొరకలేదు. గుంటూరు జిల్లా చివర, ఇంకో రెండూళ్ళు దాటితే ప్రకాశం జిల్లా అనే చోట, మా మిరప చేలో దొరికింది. అప్పుడు నేను ఏడో తరగతి.

ఆ రోజుల్లో పాటని వెతుక్కునే పని ఉండేది కాదు, అదే వచ్చి మీద పడేది. ఊళ్ళో పెళ్ళంటే వేపచెట్టుకి మైకు హారను కట్టేవాళ్ళు. పెళ్ళి ఎవరిదో, చెవులు మావి. ఒకే రికార్డు అరిగి, ఒకే మాట దగ్గర ఆగి, అదే మాట పదే పదే అంటుంటే ఎవరో పరిగెత్తుకెళ్ళి ముల్లు జరిపేవాళ్ళు. ఇప్పటికీ ఆ పాట ఎక్కడైనా వినిపిస్తే నేను ఆ మాట దగ్గర ఆగిపోతాను. టీకొట్టు రేడియోలో సినిమా పాటలు వచ్చే వేళకి మగాళ్ళంతా ఖాళీ గ్లాసులు పట్టుకుని కూర్చునే ఉండేవాళ్ళు. కొట్టాయన తిట్టినా కదిలేవాళ్ళు కాదు. డిసెంబరు వస్తే చర్చి వైపు నుంచి డప్పులు వినపడేవి. మా అమ్మ పాలు పితికేటప్పుడు పెదాలు కదపకుండా ఒక కూనిరాగం తీసేది. మధ్యలో ఎవరైనా పలకరించి ఆ రాగం ఆగిందంటే, మా గేదె కాలు విసిరేది.

వీటన్నిటికంటే ఎక్కువగా విన్నది మాత్రం కోతల పాట. సంక్రాంతి దాటాక చేలు ఎర్రబడేవి. మిరపకాయలు కోయడానికి ఆడవాళ్ళు చీరల మీద పాత చొక్కాలు తొడుక్కుని, ముఖాలకి గుడ్డలు చుట్టుకుని, నడుముకి ఒడి కట్టుకుని వచ్చేవాళ్ళు. చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా ఒకే వరసలో నిలబడి, తలా ఒక సాలు పట్టుకుని ముందుకి కదిలేవాళ్ళు. ఆ వరసనే మునుం అంటారు. మునుం మధ్యలో మామ్మ ఉండేది.

ఆమె మాకు చుట్టం కాదు. ఊరి చివర గుడిసెలో ఒంటరిగా ఉండే మనిషి, కూలి చేసుకుంటేనే పొయ్యి వెలిగేది. నాన్న అత్తా అని పిలిచేవాడు, మేం పిల్లలం మామ్మా అనేవాళ్ళం. చేలో పాట ఎత్తుకునేది ఆమే. గొంతు తియ్యగా ఉండేదంటే అబద్ధం, కొంచెం జీర. కానీ గాలికి ఎదురెళ్ళి ఆ గట్టుదాకా వినపడేది. "నిలిచి రావే వదినా, నిమ్మళంగా రావే" అని ఆమె అంటే, మునుమంతా ఆ పల్లవి అందుకునేది. చరణాల్లో వదినగారు పుట్టింటికి బయల్దేరి దారిలో అన్నిటి దగ్గరా ఆగుతుంది. తంగేడు పూసిందని ఆగుతుంది, చెప్పు తెగిందని ఆగుతుంది. ఆ వదిన పుట్టింటికి చేరడం నేనెప్పుడూ వినలేదు.

నాకా పాటంటే విసుగు. ఏడో తరగతి పిల్లకి సినిమా పాట కావాలి గానీ ఈ వదిన ఎందుకు? అందుకే ఆ ఏడు నాన్న గుంటూరు యార్డులో మొదటి కోత కాయలు అమ్మి, టేప్ రికార్డరుతో ఇంటికి వచ్చినప్పుడు నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

నాన్న దాన్ని ముచ్చటపడి కొనలేదు. కోతలప్పుడు కూలీలు దొరకడం గగనం. అన్ని చేలూ ఒకేసారి పండుతాయి, రైతులు తెల్లారకముందే ముఠా మేస్త్రి గుమ్మం దగ్గర నిలబడతారు. మా ఊరి ముఠాకి మేస్త్రి ఒక ఆడమనిషి, మాటకి కరుకు. "చేలో పాటలు పెడతానని చెప్పు, మన చేలోకే వస్తారు" అని నాన్న ఆమెతో అన్నాడు. వాళ్ళు నిజంగానే వచ్చారు. పక్క చేలో కోయవలసిన వాళ్ళు కూడా మా చేలోకే వచ్చారు. పక్క రైతు గట్టు మీద నిలబడి, "ఒరేయ్, నువ్వు కాయలు పండిస్తున్నావా, సినిమా హాలు నడుపుతున్నావా?" అని అరిచాడు. నాన్న మీసం సవరించుకున్నాడు.

పెట్టెని గట్టు మీద గోనెసంచి పరిచి పెట్టారు. క్యాసెట్ తిప్పే ఉద్యోగం నాది. చెల్లెలికి ముట్టుకునే హక్కు కూడా ఇవ్వలేదు. "అమ్మాయ్, ఆ జాతర పాట మళ్ళీ ఎయ్యి" అని ఒకరు, "ఆ ఏడుపు పాట తీసెయ్యవే తల్లీ" అని ఒకరు. రేడియో స్టేషన్‌కి నేనే పెద్దాఫీసర్ని. మామ్మ పాడలేదు. ఎవరు వింటారు కనక?

రెండో రోజుకి మునుం చెదిరింది. హుషారు పాట వస్తే పడుచువాళ్ళ చేతులు పరిగెత్తేవి, వాళ్ళు పది చెట్లు ముందుకి పోయేవాళ్ళు. మెల్లటి పాట వస్తే కొందరు వింటూ నిలబడిపోయేవాళ్ళు. ముందుకి పోయినవాళ్ళు పక్క సాల్లో చెయ్యి పెట్టి మంచి పండు దులుపుకుంటున్నారని వెనకవాళ్ళు, వెనకవాళ్ళ కోసం తామెందుకు ఆగాలని ముందువాళ్ళు. ఆ తగాదాల మధ్య చెట్టుకి సగం పండు చెట్టు మీదే మిగిలింది. అప్పుడే అందరికీ కనపడింది, మామ్మ అందరికంటే వెనకాల, ఒక్కతే, వంగి కోసుకుంటూ వస్తోందని. అన్నేళ్ళలో ఆమె వెనకబడగా ఎవరూ చూడలేదు. వయసు వేళ్ళలోకి వచ్చింది, అంతే. మునుం ఒక్కటిగా ఉన్నన్నాళ్ళూ ఆ వయసు ఎవరి కంటా పడలేదు.

నాన్న కంట పడింది. "ఆ ముసలామెకీ వీళ్ళతో సమానంగా ఇవ్వాలంటే ఎట్టా?" అన్నాడు మేస్త్రితో. మేస్త్రి తలూపింది. సాయంత్రం ఒళ్ళు దులుపుకుంటున్న మామ్మ దగ్గరికి వెళ్ళి, "రేపట్నుంచి ఇంటికాడ ఉండు పిన్నీ. నీ వల్ల కావట్లా" అంది. మామ్మ ఒడి విప్పి, మడిచి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఒక చేలో తీసేశారంటే ఆ సీజన్‌కి ఏ చేలోనూ పిలవరు. ఆ సంగతి నాకు తెలుసు, నాన్నకీ తెలుసు.

మర్నాడు మామ్మ లేదు, పని మాత్రం ముందుకి సాగలేదు. పైగా ఆ సాయంత్రం రేడియో వార్తల్లో వాయుగుండం అన్నారు. సముద్రం వైపు ఆకాశం బూడిద రంగుకి తిరిగింది. చెట్టు మీద పండు తడిస్తే మచ్చపడుతుంది, ఇక దాన్ని యార్డులో ఎవరూ ముట్టరు. కోసి కొట్టంలో పోసుకుంటే కొంతైనా దక్కుతుంది. సగం చేను ఇంకా ఎర్రగా నిలబడే ఉంది. నాన్న అన్నం ముందు కూర్చుని కలపడం మర్చిపోయాడు. పాలు పితికి అప్పుడే లోపలికి వచ్చిన అమ్మ, గిన్నె దించుతూ, "పాట లేకపోతే గేదే నిలబడదు. మనుషులెట్టా నిలబడతారు?" అంది.

"పాట ఉందిగా?" అన్నాడు నాన్న.

"అది వాళ్ళ పాట కాదుగా" అంది అమ్మ.

నాన్న మొండి మనిషే గానీ మూర్ఖుడు కాదు. పొద్దున్నే మామ్మ గుడిసెకి బయల్దేరాడు. నేనూ వెంటపడ్డాను. ఆమె గుమ్మంలో కూర్చుని వేళ్ళకి ఆముదం రాసుకుంటోంది. మిరపకాయ మంట నాలుగు రోజులకి గానీ పోదు.

"ఏం అబ్బాయ్, పొద్దున్నే ఇటొచ్చావు? పెట్టె పాడటం మానేసిందా?"

"మానలా అత్తా. పాడుతూనే ఉంది. పనే సాగట్లా."

"అయితే కొత్త పాటలు ఏయించు."

"ఎగతాళి చాల్లే. మబ్బు చూశావా?"

"చూశా. నాకేమన్నా చేలున్నాయా భయపడటానికి?"

నాన్న తువ్వాలు భుజం మీంచి తీసి, మళ్ళీ వేసుకున్నాడు. "తెలియక చేశాను. రా అత్తా" అన్నాడు. మా నాన్న నోట తెలియక అనే మాట నేను వినడం అదే మొదలు.

"నన్ను ముసల్దన్నావంట?"

"అన్నాను."

"ముసల్దాన్నే. అయినా అందరికిచ్చినట్టే ఇస్తావా?"

"ఇస్తా."

"ఆ పెట్టె చేలోకి రాకూడదు. ఇంకోటి, ఈ పిల్ల మునుంలోకి దిగాలి. పెట్టె తిప్పిన చేతులు కాసిని కాయలు కోస్తే అరిగిపోవు."

నాన్న నా వైపు చూడను కూడా చూడకుండా సరేనన్నాడు. నా ఉద్యోగం అలా ఊడింది.

ఆ రోజు కూడా బడి మాన్పించి నన్ను మామ్మ పక్క సాల్లో నిలబెట్టారు. మేస్త్రి ఆమెని చూసి పలకరించలేదు, కాకపోతే జరిగి మధ్యలో చోటిచ్చింది. మామ్మ ఒడి బిగించి, గొంతు సవరించుకుని వదినని బయల్దేరదీసింది.

గట్టు మీద కూర్చుని విన్నన్నాళ్ళూ నాకు తెలియనిది మునుంలో దిగిన గంటకే తెలిసింది. చరణం పాడుతున్నంతసేపూ ఎవరి చెట్టు వాళ్ళు కోస్తారు. తర్వాత పల్లవి. ఆ పల్లవి రెండుసార్లని, మూడుసార్లని లెక్కేమీ లేదు. మునుంలో ఆఖరి మనిషి కూడా తన చెట్టు ముగించేదాకా అది తిరుగుతూనే ఉంటుంది. ఆ తర్వాతే మామ్మ కొత్త చరణం ఎత్తుకుంటుంది, అప్పుడే అందరూ ఒక్కసారిగా పక్క చెట్టుకి అడుగేస్తారు. వదిన అన్నిసార్లు ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది. నెలలు నిండిన కూలీ మనిషి కోసం ఆగింది. పనికి కొత్తగా వచ్చిన కోడలి కోసం ఆగింది. ఆ రోజు నాకోసం ఆగింది. నా చెట్టు తెమలక వేళ్ళు మండి నేను ఏడుపు మొహం పెడితే, మామ్మ నా వైపు చూడకుండానే పల్లవిని ఇంకో చుట్టు తిప్పింది. నన్ను ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ జాలిపడలేదు. నాకు సిగ్గు కూడా వేయలేదు.

చేను తెగుతోంది. సాలు వెనకాల ఒక్క పండూ మిగలడం లేదు. నాన్న గోతాలు మోయిస్తూ మాటిమాటికీ ఆకాశం చూస్తున్నాడు. మధ్యాహ్నం చద్దన్నాలు తిని మళ్ళీ దిగాక మామ్మ వేళ్ళు మొరాయించాయి. పక్కనే ఉన్నాను కనక నాకు కనపడింది. కాయ తొడిమ పట్టుకుంటే జారిపోతోంది. అందరి చెట్లూ అయిపోయాయి, ఆమె చెట్టుకి ఇంకా సగం ఎరుపు ఉంది.

అందరి కోసం పల్లవి తిప్పిన మనిషి తన కోసం ఒక్క చుట్టు కూడా తిప్పుకోలేదు. తన చెట్టు తెమలకుండానే కొత్త చరణం ఎత్తుకుంది. అంటే, మీరు పదండి, నేను వెనకపడితే పడతాను అని. గట్టు మీద నాన్న నిలబడి చూస్తున్నాడు. రెండు రోజుల కిందట ఏం చూశాడో మళ్ళీ అదే చూడబోతున్నాడు.

ఎవరూ అడుగు వేయలేదు. ఆ కరుకు మేస్త్రి, ఇంటికాడ ఉండమన్న మేస్త్రి, ఖాళీ అయిన చెట్టు మీద చేతులు ఆడిస్తూ పల్లవినే మళ్ళీ అందుకుంది. "నిలిచి రావే వదినా..." ఆమె వెనక మునుమంతా అందుకుంది.

"ఏందే, చెవుడా మీకు? చరణం ఎత్తుకున్నా కదంటే!" అని మామ్మ గద్దించింది.

"నిమ్మళంగా రావే" అన్నారు అందరూ.

"మబ్బు కమ్ముకొస్తంటే ఏంటే ఈ సాగదీత!"

మళ్ళీ పల్లవే. ఎవరూ ఆమె వైపు చూడలేదు. నేనూ చూడలేదు. గొంతు చించుకుని పాడాను. నా జన్మలో అంత గట్టిగా ఏ పాటా పాడలేదు, అంత సంతోషంగానూ పాడలేదు. గట్టు మీద నాన్న మా వైపు వీపు తిప్పి, బిగించి ఉన్న గోతానికే మళ్ళీ మూతి బిగించడం మొదలుపెట్టాడు. ఆమె ఆఖరి పండు కోసి ఒళ్ళో వేసుకునేదాకా ఆ పల్లవి ఎన్నిసార్లు తిరిగిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

మామ్మ చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుని, "పాడు ఘాటు" అంది. తర్వాత, మేమంతా నోరు మూసుకున్నాక, కొత్త చరణం ఎత్తుకుంది. అందరం కలిసి అడుగు వేశాం.