నేర్పినోళ్ల పేరు పైన

ఈ ఉదయం అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి సందులోకి తిరిగితే అంకుల్ షాపు షట్టర్ మీద కోచింగ్ సెంటర్ల కాగితాలు ఒకదాని మీద ఒకటి అంటించి ఉన్నాయి. అడుగున ఉన్నది వానకు తడిసి ఉబ్బింది. అన్నిటికన్నా పైది కొత్తది. దాని జిగురు ఇంకా ఆరలేదు. అంకుల్ ఉన్నప్పుడు ఆ షట్టర్ మీద ఏ కాగితమూ పొద్దున పది దాటి ఉండేది కాదు. ఆయన వచ్చీ రాగానే, తాళం తీయకముందే, గోటితో ఒక మూల పట్టి చిరగకుండా మెల్లగా లాగేవారు. వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, పనికొస్తుందని.

ఆయన పోయి పదిహేను రోజులైంది. నాకు చెప్పింది పక్కనున్న జిరాక్స్ షాపతను. "మీ అంకుల్ పోయిండమ్మా. నిన్న పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్నోడు, కూసున్నట్టే పోయిండు." నేను తల ఊపాను. ఆఫీసుకు టైమవుతోందని చెప్పి పంజాగుట్ట వైపు నడిచాను. ఆ రోజు ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది. అది ఇప్పటికీ తగ్గలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

ఆయన మాకు బంధువు కాదు. పాత వీడియో గేములు బాగుచేసే మెకానిక్. సందులో చిన్నా పెద్దా అందరికీ అంకులే. ఈ పత్రికలో ఆయన పేరు వేయొద్దని వాళ్ళ ఇంట్లోవాళ్ళు అన్నారు. అందుకే ఇక్కడ కూడా అంకుల్ అనే రాస్తాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆ షాపు గేమ్ పార్లర్. మూడు టీవీలు, మూడు డబ్బాలు, ఒక అరనిండా క్యాసెట్లు. గంట లెక్కన ఆడనిచ్చేవారు. స్కూలు వదలగానే మా అన్నయ్య అక్కడికి పరిగెత్తేవాడు. నేను కాన్వెంట్ యూనిఫాంలో గుమ్మం బయట నిలబడి లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. ఆడపిల్లలెవరూ లోపలికి వెళ్ళేవారు కాదు. ఒకరోజు ఆయన ఒక స్టూలు తెచ్చి ట్యూబ్‌లైట్ కింద వేశారు.

"చీకట్ల సదివితే కండ్లు పోతయ్ బిడ్డా. ఆడకుంటే ఆడకు. వచ్చి కూసో."

అంతే. ఏం చదువుతున్నావనీ, ఎందుకు మాట్లాడవనీ అడగలేదు. మాట్లాడమని నన్ను తొందరపెట్టని పెద్దవాళ్ళు అప్పట్లో నాకు తెలిసినంతవరకు ఆయన ఒక్కరే. ఆ స్టూలు మీద నేను చాలా పుస్తకాలు పూర్తిచేశాను.

షాపు గోడకు ఒక నల్లబల్ల ఉండేది. ఏదైనా ఆటను చివరిదాకా ఆడి పూర్తిచేసినవాడి పేరు దాని మీద ఎక్కేది. దానికో షరతు ఉంది. సుద్దముక్క చేత పట్టుకుని ఆయన ముందు "పైన ఎవరు?" అని అడిగేవారు. ఆ ఆటలోని కిటుకు ఎవరు నేర్పారో వాళ్ళ పేరు పై వరసలో రాయాలి. గెలిచినవాడి పేరు దాని కింద. మా అన్నయ్య ఒకసారి పై పేరు చెప్పనన్నాడు.

"నాకెవరూ నేర్పలేదంకుల్. నేనే కనిపెట్టిన."

"అట్లనా? గా మూడో లెవెల్ల గోడ ఎనక తలుపున్నదని నీకు కలొచ్చిందా మరి?"

పిల్లలందరూ నవ్వారు. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి, యూసుఫ్‌గూడ నుంచి వచ్చే ఒక అబ్బాయి పేరు గొణిగాడు. అంకుల్ ఆ పేరు పెద్ద అక్షరాలతో పైన రాసి, అన్నయ్య పేరు కింద రాసి, చేతులు దులుపుకున్నారు.

"నేర్పినోళ్ల పేరు పైన రాస్తే నీదేం అరిగిపోదుర."

స్టూలు మీద కూర్చుని నేను ఆ మాట విన్నాను. అన్నయ్యకు తగిన శాస్తి జరిగిందని కూడా అనుకున్నాను.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. పార్లర్‌కు పిల్లలు రావడం మానేశారు. టీవీలు పోయి వాటి స్థానంలో రిపేరు బల్ల వచ్చింది. రిమోట్లు, సెట్‌టాప్ బాక్సులు, జాయ్‌స్టిక్‌లు బాగుచేసేవారు. అటకల మీద పడి ఉన్న పాత కన్సోళ్ళను, అంటే ఆ గేము డబ్బాలను, ఊరి నలుమూలల నుంచి ఆయన దగ్గరికే తెచ్చేవారు. మేము పెద్దవాళ్ళమయ్యాం. ఆ సందులోంచి వెళ్తూ నేను చెయ్యి ఊపేదాన్ని, ఆయన తల ఊపేవారు.

రెండేళ్ళ క్రితం పంజాగుట్టలో ఒక చిన్న ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. వీడియో గేముల గురించి ఇంగ్లీషులో రాసే వెబ్‌సైట్ అది. నేను జన్మలో ఒక్క ఆట ఆడలేదు. ఇంగ్లీషు బాగుందని తీసుకున్నారు. మూడో వారంలో మా సార్ ఒక పని ఇచ్చారు. నెలనెలా చందా కడితే పాత కన్సోళ్ళలోని ఆటల్ని కొత్త మెషిన్ మీద ఆడనిచ్చే సర్వీసు ఒకటి ఉంది. ఆ కంపెనీ అప్పుడప్పుడు ఇంకో పాత కన్సోల్ ఆటల్ని అందులో కలుపుతుంది. ఈసారి ఏ కన్సోల్ వంతు వస్తుందో ఊహించి రాయాలి. ఇంటర్నెట్‌లో అందరూ చెబుతున్నదొకటే, రెండు తెరలుండే చేతి గేము వస్తుందని. అది చదివినా నాకేమీ అర్థం కాలేదు. ఆ సాయంత్రం షాపు ముందు ఆగాను.

"ఏం బిడ్డా, నిలవడ్డవ్? లోపటికి రా."

స్టూలు ఇంకా అక్కడే ఉంది. దాని మీద ఉన్న స్క్రూల డబ్బా తీసి పక్కన పెట్టారు. నేను విషయం చెప్పాను. ఆయన జాయ్‌స్టిక్ తీగకు టంకం పెడుతూ విన్నారు.

"రెండు తెరలదంటున్నరా? టీవీకి ఒక్కటే తెర గదా. రెండోది యాడ పెడ్తడు, నీ నెత్తి మీదనా?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వకుండా, అరల్లోంచి ఒక్కొక్క డబ్బా దించి బల్ల మీద పెట్టారు. చేత్తో కట్టెలా ఊపి ఆడేదొకటి. "గిది ఊపాలంటే కొత్తదాంట్ల సుత ఊపేది ఉండాలె. ఇప్పట్ల కష్టం." చివరికి చిన్న చిన్న డిస్కులు వేసే నలుచదరపు డబ్బా ఒకటి తీశారు. దానికి వెనక పిడి ఉంది, టిఫిన్ క్యారియర్‌కు ఉన్నట్టు.

"గిదే వస్తది సూడు. అందరు డబ్బా సూస్తరు బిడ్డా. నువ్వు డబ్బా సూడకు. చేతిల పట్టేది సూడు. పాతదాని బటన్లన్ని కొత్తదాని మీద ఉన్నయా లేవా? ఉంటే గదే వస్తది. కంపెనీవోడు గంతకన్న ఎక్కువ ఆలోచన చెయ్యడు."

పాత జాయ్‌స్టిక్ నా చేతిలో పెట్టి ఒక్కొక్క బటన్ మీద నా వేలు ఆనించి చూపించారు. ఇది దీనికి, ఇది దానికి. గంటసేపు. మధ్యలో ఇద్దరు గిరాకీలు వస్తే కూర్చోబెట్టారు. "జర ఆగుండ్రి భాయ్, బిడ్డ సదువుకుంటున్నది" అన్నారు వాళ్ళతో. లేచేటప్పుడు ఒక్కటే అడిగారు.

"రాస్తవు గదా, గీ షాపు సంగతి సుత ఒక ముక్క రాయి. అమీర్‌పేటల గిట్ల ఒకడున్నడని."

"తప్పకుండా అంకుల్" అన్నాను.

రాత్రే రాసేశాను. ఆయన చెప్పిన వరసలో, ఆయన కారణాలతో. ఆయన గురించి ఒక వాక్యం కూడా రాశాను, తర్వాత కొట్టేశాను. ఎందుకు కొట్టేశానో నాకు బాగా తెలుసు. ఉద్యోగంలో చేరి మూడు వారాలే అయింది. సందులో రిపేరు షాపు నడిపే మనిషి చెప్పాడని రాస్తే, ఇక నేనెందుకని మా సార్ అనుకుంటారేమోనని భయం. భయం కన్నా చిన్నది ఇంకొకటి కూడా ఉంది. ఆ తెలివి నాదేనని అందరూ అనుకుంటే బాగుంటుందనిపించింది.

వ్యాసం వచ్చిందని చెప్పడానికి వెళ్ళాను. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో. ఆయన రెండు చేతుల్లో పని ఉంది.

"సదువు బిడ్డా. వింట."

నేను ఫోన్ చూస్తూ ఇంగ్లీషులో ఒక వాక్యం చదివి, దాన్ని తెలుగులో చెబుతూ పోయాను. పిడి ఉన్న డబ్బా దగ్గరికి వచ్చాక నా నోట్లోంచి అందులో లేని వాక్యం వచ్చింది. "అమీర్‌పేటలో ముప్పై ఏళ్ళుగా ఈ కన్సోళ్ళు బాగుచేస్తున్న ఒక మెకానిక్ మాకు ఈ సంగతి చెప్పారు." ఇంగ్లీషులోనూ చదివాను, తెలుగులోనూ చెప్పాను. గొంతు తడబడలేదు. చర్చిలో బైబిల్ వాక్యం చదివించేటప్పుడు వణికే నా గొంతు ఆ రోజు స్థిరంగా ఉంది.

ఆయన టంకం గన్ను పక్కన పెట్టారు. గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. నెత్తి మీది అద్దాలు కిందికి దించి, "ఏదీ, ఇటియ్యి" అన్నారు. ఫోన్ తీసుకుని బొటనవేలితో పైకీ కిందికీ జరుపుతూ చాలాసేపు చూశారు. ఆయనకు ఇంగ్లీషు రాదు కదా, బొమ్మలు చూస్తున్నారులే అనుకున్నాను. ఫోన్ తిరిగి ఇస్తూ అన్నారు.

"మంచిగ రాసినవ్ బిడ్డా."

అద్దాలు మళ్ళీ నెత్తి మీదికి పోయాయి. మళ్ళీ టంకం వాసన.

కొన్ని నెలలకు ఆ కంపెనీ ప్రకటించింది. వచ్చింది పిడి ఉన్న డబ్బానే. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. పాత కన్సోళ్ళ గురించి ఏమొచ్చినా ఇకనుంచి ఈ అమ్మాయికే ఇవ్వండని మా సార్ అన్నారు. ఎలా కనిపెట్టావని పక్క సీటమ్మాయి అడిగింది.

"కొంచెం రీసెర్చ్ చేశాను" అన్నాను.

ఆ సాయంత్రం అంకుల్‌కు చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. "చెప్పిన్నా? చేతిల పట్టేది సూడుమని?" అని బల్ల మీద చిన్నగా దరువేశారు. తర్వాత అడిగారు. "మరి మీ ఆఫీసుల ఏమన్నరు?"

"మెచ్చుకున్నారంకుల్."

ఎవర్ని అని ఆయన అడగలేదు. చాయ్ చెప్పారు. ఆ తర్వాత కూడా నేను వెళ్ళిన ప్రతిసారీ ఆయన నాకు నేర్పారు. ఏ మెషిన్‌లో ఏ చిప్పు ముందు పోతుందో, ఏ క్యాసెట్ నకిలీదో బరువు చూసి ఎలా చెప్పాలో. షట్టర్ మీంచి తీసిన కాగితాల వెనక బొమ్మలు గీసి చూపించేవారు. గీసే ముందు కాగితం తిప్పి ముందువైపు చూసేవారు. "కోర్సు కాంగనే నౌకరీ గ్యారంటీ అంట. నౌకరీ దొరకనోడే గీ కాగితాలు అంటిస్తుండు, పాపం" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

నేను రాసినవన్నీ నా పేరుతోనే వచ్చాయి. ఒక్కదాంట్లోనూ ఆ వాక్యం లేదు. ప్రతిసారీ ఈసారి పెడదామనుకునేదాన్ని. ఈసారి పెడితే మొదటిసారి ఎందుకు పెట్టలేదని ఎవరైనా అడుగుతారేమో అనిపించేది. చివరి రెండు నెలలు ఆ సందులోకి వెళ్ళడమే మానేశాను. మెట్రోలో ఇంకో వైపు మెట్లు దిగి, చుట్టూ తిరిగి ఆఫీసుకు వెళ్ళేదాన్ని. ఆయన పోయారని తెలిసిన రోజు అటు వెళ్ళింది కూడా ఆయన కోసం కాదు. జిరాక్స్ కోసం.

మూడో రోజు మా సార్ దగ్గరికి వెళ్ళి, మొదటి వ్యాసంలో ఒక వాక్యం, ఒక పేరు చేర్చాలన్నాను. ఆయన లాప్‌టాప్ మీంచి తలెత్తి "చేర్చు. దీనికి నన్నెందుకు అడగడం?" అన్నారు. మిగతా వ్యాసాల్లో కూడా చేర్చాను. అన్నిటికీ కలిపి పావుగంట పట్టింది.

నిన్న షాపు ఖాళీ చేయడానికి ఆంటీ, అంకుల్ భార్య, వచ్చారని జిరాక్స్ అతను ఫోన్ చేశాడు. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. ఆమె నన్ను చూడగానే గుర్తుపట్టారు.

"నువ్వేనా స్టూలు మీద కూసుండే సదువుల బిడ్డవు?"

అవునన్నాను. నాకు చెప్పాల్సింది ఉందని, ఆయన విషయంలో తప్పు చేశానని మొదలుపెట్టాను. మాటలు సరిగా రాలేదు. ఆమె సామాన్లు సర్దుతూనే విన్నారు. విన్నారో లేదో కూడా తెలియదు. గల్లాపెట్టె సొరుగులోంచి మడిచిన కాగితం ఒకటి తీసి నా చేతికిచ్చారు.

"నీకే పెట్టిండు. బిడ్డ వస్తది, రాంగనే ఇయ్యాలె అన్నడు. రోజు సందు మొగదల సూసేటోడు. నువ్వు రాకపోతివి."

స్టూలు కూడా తీసుకుపొమ్మన్నారు. నల్లబల్ల తీసుకోనా అని అడిగితే, సుద్ద పొడి పైట కొంగుతో తుడవబోయి ఆగి, అలాగే ఇచ్చారు. ఆటోలో ఆ రెండింటినీ పట్టుకుని ఇల్లు చేరాను.

అప్పుడు కాగితం విప్పాను. షట్టర్ మీద అంటించిన కోచింగ్ కాగితమే. మూలల్లో ఎండిన జిగురు. వెనకవైపు పెన్సిల్‌తో, వచ్చే ఏడు ఆ సర్వీసులోకి ఏ కన్సోల్ రావచ్చో, ఏది రాదో, ఎందుకో రాశారు. ప్రతిదాని పక్కన దాని జాయ్‌స్టిక్ బొమ్మ ఉంది. అన్నిటికన్నా పైన ఒక గీత గీసి, దాని మీద ఏమీ రాయకుండా వదిలేశారు. గీత కింద నా పేరు ఉంది.

అక్షరాలు చిన్నగా, వరస తప్పకుండా ఉన్నాయి. మా స్కూల్లో సిస్టర్లు చూస్తే ఎర్ర పెన్ను తీయాల్సిన పని ఉండేది కాదు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఆయన అంతా ఇంగ్లీషులోనే రాశారు.