కిషన్‌రావు గారి నెలవంక

కిషన్‌రావు గారు ఇద్దరు సాక్షులు లేనిదే ఏ తేదీనీ ఒప్పుకోరు. గోడకి క్యాలెండరు వేలాడుతున్నా సరే, అది ఒక సాక్షే అంటారు.

వరంగల్‌లో ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పి, రిటైరై, న్యూజిలాండ్ వచ్చి, వెల్లింగ్టన్ శివారు జాన్సన్‌విల్‌లో మా పక్కింట్లో దిగారు. ఇక్కడి లైబ్రరీలో ప్రాచీన యూదుల క్యాలెండరు తగాదాలు ఆయన కంటపడ్డాయి. ఆ రోజుల్లో నెలవంకను కళ్లారా చూసిన ఇద్దరు వచ్చి చెబితేనే జెరూసలేం పెద్దలు కొత్త నెల ప్రకటించేవారట. ఎడారిలో ఇంకో వర్గం, చంద్రుడితో మాకు పనిలేదు, ఏడాదికి సరిగ్గా మూడు వందల అరవై నాలుగు రోజులే అని భీష్మించుకుందట. ఒకరి పండగ ఇంకొకరికి మామూలు రోజు. రెండు వేల ఏళ్ల నాటి ఈ గొడవలో ఈయన జెరూసలేం పక్షాన చేరి మమ్మల్ని కాల్చుకుతిన్నారు.

రీసైక్లింగ్ బిన్ రోడ్డు పక్కన పెట్టేది ఈ మంగళవారమా, వచ్చే మంగళవారమా అని నన్నూ మా ఆవిడనీ విడివిడిగా విచారించారు. మా జవాబులు కలవలేదు. ఆయన బిన్ నెల రోజులు కదల్లేదు.

పోయిన ఉగాది బుధవారం వచ్చింది. సెలవు కోసం శనివారానికి జరిపి, ఆయన గరాజ్‌లో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ పెట్టుకున్నాం. నవీన కూడా వస్తానంది. డునెడిన్ ఆస్పత్రిలో నర్సు, ఒంటరి పిల్ల, రెండేళ్లుగా ప్రతి పండగకీ డ్యూటీయే. ఈసారి ఎలాగో లీవు సంపాదించి కారులో బయల్దేరింది. శనివారం పొద్దున్నే సముద్రానికి అవతలి ఒడ్డున పిక్టన్ రేవు నుంచి ఫోన్ చేసింది. గాలికి ఫెర్రీ ఆపేశారట, మళ్లీ రేపేనట. మీరు కానిచ్చేయండి అంకుల్ అని ఏడ్చేసిందని కిషన్‌రావు గారే చెప్పారు. పాపం అనుకున్నాం. అనుకుని పులిహోర మూతలు తీశాం.

"మూతలు పెట్టుర్రి," అన్నారాయన. "నెలవంకను చూసినోళ్లు ఇద్దరు ముందటికి రార్రి."

వెల్లింగ్టన్‌లో వారమంతా మబ్బే. ఎవరూ కదల్లేదు.

"సాక్షుల్లేరు. అంటే పాత నెల ఇంకా అయిపోలే. ఉగాది రేపు."

మా తెలుగు అసోసియేషన్ సెక్రటరీ మధుబాబు ఫోన్‌లో పంచాంగం చూపించాడు. అది ఒక సాక్షే అన్నారు. రెండో ఫోన్ చూపిస్తే, రెండూ చెప్పుడు మాటలే, కళ్లతో చూసినవి కావని కొట్టేశారు. ఆయన గరాజ్, ఆయన రిమోట్. తలుపు దిగిపోతుంటే ఇరవైమందిమీ హాట్‌ప్యాకులు చంకనపెట్టుకుని, ఆయన్ని తిట్టుకుంటూ ఇళ్లకు పోయాం.

ఆదివారం మధ్యాహ్నం అందరం మళ్లీ గరాజ్‌లో చేరాం. నవీన వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. పండగ నిన్ననే అయిపోయి ఉంటుందనుకుందట.

"ఎట్లయితది? ఇయ్యాలనే షురూ," అని కిషన్‌రావు గారు పచ్చడి గిన్నె ఆమె చేతికిచ్చారు. ఆ పిల్ల ముఖం చూశాక మధుబాబు కూడా పంచాంగం ఊసెత్తలేదు.

సాయంత్రం గిన్నెలు కడుగుతూ ఆయన నాకో పాత నియమం చెప్పారు. పండగకి బయల్దేరినవాళ్లు ఇంకా దారిలోనే ఉంటే, వాళ్లు అందుకోవడానికి జెరూసలేం పెద్దలు ఏడాదికి ఏకంగా ఒక నెల కలిపేవారట. ఒక్క రోజుకే మీరింత లొల్లి చేస్తిరి అన్నారు. ఆ ముక్క నిన్ననే చెప్పొచ్చుగా అన్నాను.

"చెప్తే తనకోసం ఆపినమని ఆ పిల్లకు తెలుస్తది. నావల్లనే ఇంతమందికి ఇబ్బంది అని కుములుతది." ఇంకో గిన్నె అందించారు. "శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి జరసేపు మబ్బు తొలిగింది. నెలవంకను నేను చూసిన."

"మరి?"

"ఒక్కని సాక్ష్యం చెల్లది."

శుక్రవారం ఎనిమిదింటికి నేనూ మా డెక్ మీదే ఉన్నాను. నేనూ చూశాను. శనివారం విచారణకి భయపడి నోరెత్తలేదు. ఇప్పుడేమో ఎత్తబుద్ధి కాలేదు. గిన్నె తుడిచి పక్కన పెట్టాను.