మంచులో విడిచి వెళ్లిన బిడ్డ

పరాయి దేశంలో, పాపకూర అనే ఊళ్లో వృద్ధుల కేర్‌హోమ్‌లో పనిచేసిన మూడేళ్లూ నేను ఎక్కువగా చూసుకున్నది మోర్మన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన ఒక ముసలామెను. అక్కడ అందరినీ పేరు పెట్టే పిలుస్తారు. నాకు నోరు రాక ఆంటీ అనేదాన్ని. ఆమె తండ్రి అమెరికా నుంచి మతప్రచారానికి వచ్చి, ఇక్కడి అమ్మాయిని చేసుకుని ఉండిపోయాడట.

రెండో ఏడు నేను గర్భంతో ఉండగా, ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. కొన్ని వారాలకు మళ్లీ పనిలో చేరాను. టీ వేళకు నేను వెళ్లి కూర్చుంటే తోటివాళ్ల మాటలు ఆగిపోయేవి.

ఆంటీ కాళ్లు తుడుస్తుంటే ఆమె మాత్రం, "బిడ్డ ఏది?" అని అడిగింది. చెప్పాను. తన ముత్తవ్వ సంగతి ఎత్తుకుంది.

ముత్తవ్వ ఇంగ్లండ్‌లో ఆ మతం పుచ్చుకుందట. అప్పటికే అమెరికాలో వాళ్ల ప్రవక్తను జైల్లో ఉండగానే గుంపు వచ్చి కాల్చి చంపింది. మిగిలినవాళ్లను ఊళ్లోంచి తరిమితే పడమటి దిక్కున ఎవరికీ అక్కర్లేని ఎండు లోయలో ఇళ్లు కట్టుకున్నారు. అక్కడికి చేరాలని ముత్తవ్వ, ఆమె భర్త ఓడెక్కారు. ఓడ దిగాక ఎడ్లబండి కొనలేనివాళ్లకు చేతులతో లాగే బళ్లు ఇచ్చారు.

"బయల్దేరడమే ఆలస్యమైంది. కొండల దగ్గర మంచు పట్టుకుంది. పిండి సగానికి తగ్గించారు. ముత్తవ్వ దగ్గర పాలు తాగే బిడ్డ చనిపోయింది. నేల గడ్డకట్టి పార దిగలేదు. దుప్పట్లో చుట్టి, పైన మంచు కప్పి, పొద్దున్నే మళ్లీ బండి లాగారు."

"దేవుడి కోసం నడిచారని మావాళ్లు గొప్పగా చెప్పుకునేవాళ్లు" అంది ఆంటీ. "ముత్తవ్వ మాత్రం ఒక్కటే అనేదట, ఆ చోటు చూపించమంటే చూపించలేను అని. నీ బిడ్డ ఎక్కడుంది?"

"ఈ ఊరి శ్మశానంలోనే. నేను వెళ్లలేదు. తట్టుకోలేవని మా ఆయన వద్దన్నాడు."

"నీకు చోటుంది. వెళ్లు."

ఆ గొంతులో జాలి లేదు. నాకు కోపం వచ్చి టవల్ అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాను.

ఆదివారం మా ఆయనతో, "నన్ను పాప దగ్గరికి తీస్కపో" అన్నాను.

"నేను గూడ మల్ల పోలే" అన్నాడు. "యాడుందో గుర్తు పడ్తనో లేదో."

వానలో చిన్న సమాధుల వరస పొడుగునా వెతికాం. కొన్నింటి మీద గాలికి తిరిగే రంగురంగుల ప్లాస్టిక్ చక్రాలున్నాయి. మా పాపది బురదలో పాతిన చెక్క గుర్తు మాత్రమే. ఆయన మోకాళ్ల మీద కూర్చుని గడ్డి పీకుతూ ఉండిపోయాడు. అంతకు ముందు ఆయన ఏడవడం నేను చూడలేదు. నాకు ఏడుపు రాలేదు.

మర్నాడు ఆంటీకి చెప్పాను.

"మనసు తేలికైందా?"

"లేదు."

"అవదు" అంది. పట్టుకున్న నా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆ చలికాలంలోనే ఆమె పోయింది. వాళ్ల చర్చి ఆడవాళ్లు తెల్లబట్టలు తెచ్చి, ఇవి మా మతంవాళ్లమే తొడగాలి, నువ్వు బయట ఉండమ్మా అన్నారు. రోజూ స్నానం చేయించిన ఆ ఒంటిని చివరిసారి ముట్టుకోకుండానే, మూసిన తలుపు ముందు నిలబడ్డాను.