మూతబడ్డ షెడ్డులో పాఠాంతరం

సాహిత్య విమర్శ చదివి దయ్యమైపోయిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, నన్ను చూసుకోండి. ఈ ఘనకార్యం వింటే నవ్వుతారు. చివరిదాకా నవ్వుతారని మాత్రం హామీ ఇవ్వలేను.

అప్పుడు నేను సూరత్‌లో ఎం.ఏ. విద్యార్థిని. ఇంట్లో తమ్ముడి టీవీ గోల పడలేక, సలాబత్‌పురాలో మా సందు వెనక మూతబడ్డ మగ్గాల షెడ్డులో దూరి, సాయంత్రాలు సెమినార్ పాఠం బట్టీ పట్టేదాన్ని. "ఇతివృత్తం అంటే ఏమిటి? దృక్కోణం అంటే ఏమిటి?" అని ప్రశ్న పైకి అడిగి, జవాబు మనసులో చెప్పుకునేదాన్ని.

సెమినార్‌లో ఒకే కథను ఇద్దరు చెప్పిన తీరు పోల్చాలి. షెడ్డు ముందు ఇడ్లీ బండి పెట్టుకున్న ఎల్లమ్మక్కను ఏదైనా కథ చెప్పమని అడిగాను.

"నా ధంధా మునుగుతుంటే కథలేంది చెల్లే! ఈ షెడ్డుల ఆడదయ్యం ఉన్నది. పొద్దుగూకితే మంత్రాలు సదువుతది. గిరాకీ అంతా పారిపోతున్నది. జర జూసి బండి ఎత్తేస్త."

రోజూ ఆ దయ్యం పక్కనే కూర్చుంటున్నానా! నా తెలివి అంతవరకే పనిచేసింది.

రెండో కథనం కోసం మా సందు వాచ్‌మన్ మల్లయ్య కాకాను అడిగితే, గొంతు తగ్గించి చెప్పాడు. "ఆడగొంతు అడుగుతది బిడ్డా. మొగగొంతు జవాబు చెప్తది. మెల్లగ, చెవుల ఊదినట్టు."

నేపథ్యం ఒకటే, పాత్ర ఒకటే. మగగొంతు పాఠాంతరం, అంటే చెప్పేవాడు మార్చిన ముక్క, కాకాది అతిశయోక్తి అని తేల్చేశాను. అయినా నేపథ్యాన్ని కళ్లారా పరిశీలించాలి కదా! షెడ్డులోకి వెళ్లాను. గాలి లేదు, కానీ ఒక మగ్గం మీద తెగిన దారం ఊగుతోంది. ధైర్యం కోసం పాఠం ఎత్తుకున్నాను.

"కథ చెప్పేది ఎవరు?"

తలుపు ధడాలున తెరుచుకుంది. చీపురు, నిమ్మకాయలతో అక్క, వెనకాల కాకా.

"గిదే! గిదే గొంతు!"

"అక్కా, నేనే!" అనేలోపు చీపురు రెండుసార్లు వీపు మీద పడింది.

"నువ్వా! సదువుకున్నదానివి, నా కొంప ముంచుడేంది?" అని తిట్టి, పగలబడి నవ్వి, అక్క రోడ్డు మీదికి కేకేసింది. "దయ్యం లేదు, గియ్యం లేదు! రాండ్రి, ఇడ్లీ తినుండ్రి!"

కాకా మాత్రం నవ్వలేదు. మగ్గాల మధ్య చీకట్లోకి చూస్తున్నాడు.

"అడిగేది నువ్వే బిడ్డా. మరి జవాబు చెప్పేదెవరు?"

"ప్రతిధ్వని కాకా."

"నువ్వన్న మాటే తిరిగొస్తే ప్రతిధ్వని. గది జవాబు కదా?"

అక్క మొహం పాలిపోయినా తమాయించుకుంది. "జర నోర్ముయ్ కాకా, ఇప్పుడిప్పుడే గిరాకీ వస్తున్నది!"

ఆ వేడి ఇడ్లీల సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ పాఠాంతరాన్నీ కొట్టిపారేయను. ప్రశ్న పైకి అడిగితే జవాబు కూడా నేనే పైకి చెబుతాను, ఇంకొకరికి ఆ శ్రమ ఇవ్వను.