మొలతాటి తాళంచెవులు

త్యాగరాజు గుంటూరులో కాలేజీ లెక్చరరు. పాఠం చెబుతుంటే గొంతు వీధి చివరిదాకా వినిపించేది. తప్పు ఒప్పుకోవాల్సి వస్తే మాత్రం ఆ గొంతు ఎక్కడికి పోయేదో. 1984లో దానితో అతనికి గట్టి పనే పడింది.

అతని పరిశోధన రాళ్ల మీద. ప్రకాశం జిల్లా పడమటి కొసన, పత్తి చేలు దాటాక ఒక నల్లగుట్ట ఉంది. ఎప్పుడో భూమి కక్కిన లావా పొర మీద పొరగా గట్టిపడి గుట్టయింది. లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప రేణువులు ఆనాటి ఉత్తరం వైపు తిరిగి అలాగే ఉండిపోతాయి. ఏ పొర ఎటు చూస్తోందో తెలిస్తే అప్పటి భూమి అయస్కాంతం ఎటుందో తెలుస్తుంది. అందుకని రాయిని పెకలించకముందే దాని మీద దిక్సూచి పెట్టి, ఇవాళ్టి ఉత్తరాన్ని బాణంగా గీయాలి. దగ్గర్లో ఇనుముంటే ముల్లు పక్కకు పోతుంది. గీత తప్పితే రాయి ఎందుకూ పనికిరాదు.

రాళ్లు పెకలించేది ఆదాం. గుట్ట కింద పల్లెలో ఉంటాడు. మిరప కోతలు లేనప్పుడు గునపం పట్టుకుని వచ్చేవాడు. గీత గీసేదాకా దాన్ని దూరంగా పెట్టమన్నాడు సారు. అలాగే పెట్టేవాడు.

తీరా పరీక్ష చేస్తే, ఒకే పొర రాళ్లు తలో దిక్కూ చూపించాయి. త్యాగరాజు తిన్నగా పల్లెకు వెళ్లి, మిరపకాయలు ఎండబోసిన కళ్లంలో కూలీలందరి ముందూ నిలదీశాడు.

"గునపం దగ్గర పెట్టావు కదూ?"

"లేదండీ. దూరంగా తుమ్మచెట్టు కిందే పెట్టానండీ."

"అబద్ధాలాడకు. నా కష్టమంతా బూడిదలో పోశావు. ఇక పనికి రావద్దు."

ఆదాం తల దించుకుని మిరపకాయలు తిరగేస్తూ ఉండిపోయాడు.

సారు దానయ్య అనే ఇంకో మనిషిని పెట్టుకున్నాడు. ఈసారి గీతలన్నీ పూర్తయ్యేదాకా గునపాన్ని గుట్ట ఎక్కనివ్వలేదు. అయినా రాళ్లు మళ్లీ అలాగే దిక్కులు తప్పాయి. ఆడలేక మద్దెల ఓడన్నాడని అప్పటికైనా అనుమానం రావాలి కదా, వచ్చింది.

ఇంట్లో బల్ల మీద దిక్సూచి పెట్టి, గుట్ట మీద వంగినట్టే వంగి చూశాడు. ముల్లు అతని వైపు జరిగింది. బల్లకు ఇంకో పక్క నుంచి వంగితే అటు జరిగింది. వెనక్కి తగ్గితే మళ్లీ సర్దుకుంది. చొక్కా ఎత్తి చూసుకున్నాడు. మొలతాటికి ఇనుప తాళంచెవుల గుత్తి వేలాడుతోంది. మొలతాటికి కట్టుకుంటే తాళాలు పోవని తండ్రి శేషాచలంగారు నేర్పిన అలవాటు. స్నానానికి కూడా తియ్యడు. ఆ రాళ్లను ఎవరూ ముట్టకుండా దాచిన బీరువా తాళం అందులోదే. పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతికాడన్నమాట. కానీ నవ్వు రాలేదు. కళ్లంలో ఆదాం దించిన తల గుర్తొచ్చి, సిగ్గుతో ఒళ్లంతా మిరపకాయ రాసినట్టు మండింది.

కొన్నాళ్లు తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. చివరికి బస్సెక్కాడు.

ఆదాం ఎదురొచ్చి మంచం వాల్చాడు. సారు నోరు తెరవకముందే తనే మొదలుపెట్టాడు.

"మీరన్నదే నిజమేమోనండీ. ఎప్పుడన్నా మర్చిపోయి గునపం దగ్గర పెట్టానేమో. చదువుకున్నోళ్లు ఊరికే అనరు గదండీ. మొన్న చర్చిలో ఆరాధనప్పుడు లేచి అందరి ముందూ ఒప్పేసుకున్నాను. అబద్ధమాడానని కూడా చెప్పాను."

చెయ్యని తప్పును ఈ మనిషి ఊరందరి ముందూ నెత్తికెత్తుకున్నాడు. త్యాగరాజుకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. దిక్సూచి మంచం మీద పెట్టి, చొక్కా ఎత్తి వంగి చూపించాడు. ముల్లు కదిలింది.

"తప్పు నాది, ఆదాం."

ఆదాం ముల్లునే చూస్తూ, "అయితే నేను కాదాండీ," అన్నాడు. ఆ గొంతులో కాస్త కోపముంటే త్యాగరాజు తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవాడు.

గుమ్మంలో నుంచున్న ఆదాం భార్య ఎలీసమ్మ కలగజేసుకుంది. "ఆయన అందరి ముందూ ఒప్పుకున్నాడండీ. మీరు మా ఇద్దరి ముందు చెప్పి పోతే ఎట్టా?"

ఆదివారం చర్చిలో పాస్టరుగారు, లేచి సాక్ష్యం చెప్పేవాళ్లున్నారా అని అడిగారు. వెనక చాప మీద నుంచి లెక్చరరుగారు లేచారు, చేతిలో తాళాల గుత్తితో. అందరూ తిరిగి చూశారు. గొంతు పెగల్లేదు.

ముందు వరసలోంచి ఆదాం అన్నాడు, "చెప్పండి సార్. ఏం ఫర్లేదు."

ఆ మాటకు త్యాగరాజు తల ఇంకా దిగిపోయింది. దించిన తల ఎత్తకుండానే అంతా చెప్పాడు.